చెవి ఇవ్వడం కూడా దానమే



ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. దుఃఖంలో ఉన్న మనిషి మన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే ముందుగా ఏమివ్వాలి? ధమ్మమా, ధైర్యమా, డబ్బా, సలహానా? 20 ఏళ్ళుగా ఉద్యమంలో తిరుగుతున్నాను కదా, దీనికి జవాబు నాకు తెలుసనే అనుకున్నాను. తెలియదని ఒక కుర్రాడి వల్ల అర్థమైంది.

మూడేళ్ళ కిందటి మాట. ఒక ఆదివారం మా పేట విహారంలో వందన అయిపోయి చాపలు చుడుతుంటే ఇంజినీరింగ్ చదివే పిల్లవాడొకడు దగ్గరికొచ్చాడు. "అన్నా, రెండు నెలల నుంచి నిద్ర పట్టట్లేదు. హాస్టల్‌కి పోవాలంటే కాళ్ళూ చేతులూ ఆడట్లేదు" అన్నాడు. వాడు ఇంకో మాట అనేలోపే నేను అందుకున్నాను. బాబాసాహెబ్ బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివారని, ఆయన పడ్డదాని ముందు మనది ఎంతని, భయపడితే జాతి ఏమైపోవాలని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చేతిలో రెండు పుస్తకాలు కూడా పెట్టాను. వాడు తలూపి, "సరే అన్నా, జై భీమ్" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ సెమిస్టర్‌లోనే చదువు మానేసి ఊరెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. ప్రాణాలతో ఉన్నాడు, అదే పదివేలు. కానీ ఆ హాస్టల్లో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకంటే నేను అడగలేదు.

మనవాళ్ళలోనే సైకాలజీ చదివి కౌన్సిలర్‌గా పనిచేసే ఒక అక్క ఉంది. ఆమెకి ఈ సంగతి చెప్పుకుని బాధపడ్డాను. "నువ్వు చెప్పినవేవీ తప్పు కాదు తమ్ముడూ. వాడు అడగనివి చెప్పావు, అంతే" అంది. అయితే నువ్వేం చేస్తావు, కొత్తగా ఒక మనిషి నీ దగ్గరికొస్తే మొదటిరోజు ఎలా మొదలుపెడతావు అని అడిగాను. తన దగ్గరికొచ్చే వాళ్ళ కథలు ఆమె ఎవరికీ చెప్పదు, నాకూ చెప్పలేదు. పద్ధతి మాత్రం చెప్పింది.

వచ్చినవాళ్ళకి, తనకీ ఒకే ఎత్తు కుర్చీలు. ముందు తన పేరు, ఏం చదివింది, ఎంతసేపు మాట్లాడుకుంటాం, ఫీజు ఎంత అన్నీ చెప్తుంది. "ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో అపాయం ఉంటే మాత్రం ఆ మేరకు బయట చెప్పాల్సి వస్తుంది" అని ఆ ఒక్క మినహాయింపు కూడా ముందే చెప్పేస్తుంది. చెప్పడం ఇష్టంలేనిది చెప్పక్కర్లేదు, నేను నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు అంటుంది. అప్పుడు, "ఈ రోజే రావాలని ఎందుకనిపించింది?" అని అడిగి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే కష్టమట. అవతలివాళ్ళు రెండు నిమిషాలు మౌనంగా ఉంటే మనకి నాలుక దురద పెడుతుంది. ఆమె ఆగుతుంది. నిద్ర, తిండి, ఇంట్లో ఎవరున్నారు అన్నీ అడుగుతుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా నేరుగానే అడుగుతుంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనం భయపడతాం గానీ, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఒక్కడే మోస్తున్న బరువుని దించుకునే చోటు దొరుకుతుంది. చివర్లో, "నాకు ఇలా అర్థమైంది, సరేనా?" అని విన్నదాన్ని తిరిగి వాళ్ళ ముందు పెడుతుంది. మందులు అవసరమనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపుతుంది. మొదటిరోజు సలహా మాత్రం ఇవ్వదు.

ఇది వింటుంటే నాకు ఆళవి రైతు గుర్తొచ్చాడు. తప్పిపోయిన ఎద్దుని వెతికి వెతికి, ఆకలితో నీరసపడి బుద్ధుడి సభకి వచ్చాడు ఆ రైతు. బుద్ధుడు వెంటనే బోధ మొదలుపెట్టలేదు. ముందు అతనికి అన్నం పెట్టించి, అతను తిన్నాకే ధమ్మం చెప్పాడు. ఆకలిగొన్నవాడి చెవికి ధమ్మం ఎక్కదు. అవమానంతో నిద్ర కోల్పోయినవాడికీ అంతే. వాడి ఆకలి, తన మాట వినే మనిషి కోసం. నేను ఆ అన్నం పెట్టకుండా బోధ చేశాను.

కిసాగోతమి కథ మనం ఎన్నిసార్లు చెప్పుకోలేదు! చనిపోయిన బిడ్డని చంకనేసుకుని మందు అడిగితే, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. చావు అందరికీ తప్పదన్న నీతి చెప్పి ఆ కథ ముగిస్తాం. కానీ ఆ తల్లితో నీ బిడ్డ చనిపోయాడమ్మా అని ఆయన వాదించలేదు చూడండి. ఆమె ఇల్లిల్లూ తిరిగింది, ప్రతి గడపలో ఎవరో ఒకరు తమ పోయినవాళ్ళ గురించి చెప్పారు, ఆమె విన్నది. నిజం దగ్గరికి ఆమె తన కాళ్ళ మీదే నడిచింది.

ఇక్కడ మనవాళ్ళకి ఒక గట్టి అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది, అక్కని అడిగాను. "మన పిల్లల దుఃఖం మనసు జబ్బు కాదు కదక్కా, కులం పెట్టిన గాయం. దాన్ని గదిలో కూర్చోబెట్టి మాటలతో చల్లారిస్తే, అన్యాయంతో సర్దుకుపొమ్మన్నట్టు కాదా?"

ఇది తేలిగ్గా తీసెయ్యాల్సిన ప్రశ్న కాదు. సంయుత్త నికాయలో రెండు బాణాల ఉపమానం ఉంది. మొదటి బాణం ఒంటికి తగిలిన నొప్పి, రెండోది దాని గురించి మనసు పడే క్షోభ. రెండో బాణం తప్పించుకోవచ్చంటాడు బుద్ధుడు. దీన్ని పట్టుకుని కొందరు, జరిగినదాంట్లో ఏం లేదు, నీ ఆలోచనలోనే ఉందంతా అని చెప్తుంటారు. మరి మొదటి బాణం ఎవరు వేశారు? రోజూ ఎందుకు వేస్తున్నారు? బాబాసాహెబ్ అడిగింది ఈ ప్రశ్నే. 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ముసలివాణ్ణి, శవాన్ని చూసి కాదని, రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులకీ కోలియులకీ వచ్చిన తగాదా వల్లనని రాశారు. దుఃఖం మనిషి లోపల మాత్రమే కాదు, మనుషుల మధ్య కూడా పుడుతుందని దాని అర్థం. అందుకే "నీ పూర్వజన్మ కర్మ" అన్న మాటని మనం ఒప్పుకోం. "నీ మనసు బలహీనం" అన్న మాట కూడా చాలాసార్లు ఆ పాత కర్మ మాటే, కొత్త చొక్కా వేసుకొచ్చింది.

అక్క జవాబు ఇది. "బాణం దిగినవాణ్ణి ముందు కూర్చోబెట్టి దాన్ని తియ్యాలి, లేకపోతే వాడు నిలబడలేడు. కానీ అది బాణం కాదు ముల్లు అని మాత్రం వాడికి అబద్ధం చెప్పకూడదు." ఆమె ఎవరి కులమూ అడగదు. "కులం వల్లో, ఊరి వల్లో, భాష వల్లో, మతం వల్లో అవమానాలు జరుగుతుంటాయి. అలాంటిదేమైనా ఉంటే ఇక్కడ చెప్పొచ్చు" అని తలుపు తీసి పెడుతుంది. చెప్పడం, చెప్పకపోవడం వాళ్ళ ఇష్టం. అదే వేరే కౌన్సిలర్ ఎవరైనా "ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ" అన్నారనుకోండి, ఆ ఒక్క మాటతో ఆ మనిషి నోరు మూతపడుతుంది. తటస్థంగా ఉండటమంటే కళ్ళు మూసుకోవడం కాదు. గదిలో తన అవమానాన్ని పేరు పెట్టి పలకగలిగినవాడే, రేపు బయట ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టగలడు. చల్లారేది మనిషి, పోరాటం కాదు.

బాబాసాహెబ్ బుద్ధుణ్ణి మోక్షదాత అనలేదు, మార్గదాత అన్నారు. మంచి కౌన్సిలరూ అంతే. "నిన్ను నేను బాగుచేస్తా" అనేవాడి దగ్గర జాగ్రత్తగా ఉండండి. అది నాలాంటి కార్యకర్తలకీ వర్తిస్తుంది. ఆ రోజు నేను వాడికి దారి చూపలేదు, వాణ్ణి ఉద్ధరిస్తున్నాననుకుని నా గొంతు నేనే విన్నాను.

కాబట్టి విహారాల్లో ఉన్న మనం చిన్న పనులతో మొదలుపెడదాం. వందన తర్వాత ఒక గంట, ఎవరైనా వచ్చి మాట్లాడుకునేలా ఒకరిద్దరు కూర్చుందాం. విన్నది టీ కొట్టు దగ్గర చెప్పకుండా ఉందాం. అపశబ్దాలు మాట్లాడకపోవడమే కాదు, ఒకరి రహస్యాన్ని నలుగురిలో పెట్టకపోవడమూ సమ్యక్ వాక్కే. మన వల్ల కాదనుకున్నప్పుడు నిపుణుల దగ్గరికి తీసుకెళ్దాం. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం పేరుతో వివక్ష లేకుండా వైద్యం పొందే హక్కునీ, చెప్పుకున్నది గోప్యంగా ఉండే హక్కునీ ఇచ్చింది. అది దయ కాదు, హక్కు. అడిగి తీసుకుందాం.

పోయిన నెల ఆ కుర్రాడి ఊరు మీదుగా వెళ్తూ ఆగాను. ఈసారి పుస్తకాలు పట్టుకెళ్ళలేదు. పొలం గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. "ఆ రోజు నీ మాట వినలేదు తమ్ముడూ, తప్పు నాదే" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. పొద్దు వాలుతుండగా, "అన్నా, నీకు టైముందా?" అన్నాడు.

ఉందన్నాను.

నమో బుద్ధాయ. జై భీమ్.