బేరంలో లేని మూడో మనిషి

సెకండ్ హ్యాండ్ వస్తువుకి ధర కట్టడం హైటెక్ సిటీలో బతికేవాళ్లకి కొత్తేం కాదు. ఫోనైతే బ్యాటరీ హెల్త్ చూస్తాం, బైకైతే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూస్తాం. రెండు మూడు యాప్‌లలో రేట్లు పోల్చి, కాసేపు బేరమాడి తీసుకుంటాం. మరి పాత రివాల్వర్‌కి ధర కట్టాల్సి వస్తే?

మా టీమ్‌లో ఒకతనికి అలాగే వచ్చింది. వాళ్ల తాతగారు పోయాక ఆయన పేరు మీదున్న వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్‌ని డీలర్ దగ్గర డిపాజిట్ చేశారు. ఇంట్లో ఎవరికీ అది అక్కర్లేదు. ఎంతకి అమ్మితే న్యాయమో చెప్పమన్నాడు.

సగం జవాబు సులువే. సిలిండర్ ఊగుతోందా, గొట్టం లోపలి గాళ్లు అరిగాయా, తుప్పు పట్టిందా అన్నవి తెలిసినవాళ్లు చూసి చెప్పగలరు. కానీ ధరలో పెద్ద భాగం వీటి వల్ల రాదు. అమెరికాలో కొన్ని వందల డాలర్లకి దొరికే పాత వెబ్లీ ఇక్కడ లక్షలు పలుకుతుంది. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి దాదాపు మూసుకుపోయింది. కాబట్టి మనం కట్టే డబ్బులో ఉక్కు ఖరీదు కొంతే, మిగతాదంతా నిషేధం ఖరీదు. డిసెంబర్ 2019లో చట్టాన్ని సవరించి, ఒకరి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యని మూడు నుంచి రెండుకి తగ్గించారు. మూడోది ఏడాదిలోగా వదిలించుకోవాల్సి వచ్చింది. దాని మీద కొత్తగా ఒక్క గీత కూడా పడలేదు. అయినా నిన్నటి ఆస్తి ఇవాళ బరువైపోయింది.

ధర ఇలా గాలివాటంగా మారితే, నిలిచే విలువ ఎక్కడుంది? చెప్పుకి రెండు ఉపయోగాలున్నాయన్నాడు అరిస్టాటిల్: తొడుక్కోవడం ఒకటి, ఇచ్చి ఇంకోటి తీసుకోవడం రెండోది. రివాల్వర్ కొనేవాడు మాత్రం మొదటి ఉపయోగం ఎప్పటికీ రాకూడదనే కోరుకుంటాడు. "ఇన్సూరెన్స్ కూడా అంతే కదా" అన్నాడు మావాడు. నాకు అలా అనిపించలేదు. పాలసీ క్లెయిమ్ చేస్తే కంపెనీ డబ్బు కడుతుంది. రివాల్వర్‌ని క్లెయిమ్ చేస్తే ఎవడో ఒకడు ఒంటితో కడతాడు. ఆ మూడో మనిషి బేరం జరుగుతున్నప్పుడు అక్కడ ఉండడు. ధర ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ అనలేడు.

అతని తరఫున కాస్తయినా మాట్లాడేది చట్టమే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఎవరైనా తన తుపాకీని అమ్మాలంటే కొనేవాడి పేరూ చిరునామా జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో రాసివ్వాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. కొనేవాడికి అంతా పేపర్‌వర్క్ గొడవలా కనిపిస్తుంది. నాకైతే అందులో ఒక నీతి కనిపిస్తుంది: ఈ వస్తువు విషయంలో ఎంతకి అమ్మావు అన్నదానికంటే ఎవరికి అమ్మావు అన్నది ముందు రావాలి. ఎక్కువ పాడినవాడిదే సరుకు అనే వేలంపాట సూత్రం ఇక్కడ చెల్లదు. లోపం దాచి అమ్మడం కూడా బండి మీటర్ తిప్పి అమ్మడం లాంటిది కాదు, దానికి ప్రాణం మూల్యం కావచ్చు.

2014 మొదట్లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చింది. ధర సుమారు 1.22 లక్షలు. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. రెండూ ఒకే భయానికి ఇచ్చిన జవాబులు. రాత్రి షిఫ్ట్ అయ్యాక మాదాపూర్‌లో క్యాబ్ కోసం నిలబడ్డ అమ్మాయికి మొదటిది అందుబాటులో ఉండే ధర కాదు, లైసెన్సూ అంత తేలిగ్గా రాదు. రెండోదాన్ని ఆమె ఒక్కతే సొంతం చేసుకోలేదు, రేపు ఎవరికీ అమ్మలేదు. పనిచేసినన్నాళ్లూ అది అందరిదీ.

అందుకే మావాడికి నా సలహా ఇది: డీలర్ కట్టిన ధరలో వస్తువు కండిషన్‌కి తగ్గది తీసుకో, లోపాలన్నీ చెప్పు, కొనేవాడి భయాన్ని చూసి రేటు పెంచకు, ఎవరు కొంటున్నారో కనుక్కో. వాళ్ల తాతగారు దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదట. అన్నేళ్లు దాని అవసరం రాకుండా కాపాడింది చుట్టూ ఉన్న ఊరు, ఇరుగుపొరుగు. ఆ రివాల్వర్ వల్ల ఆ ఇంటికి మిగిలిన అసలు విలువ అదే. దాన్ని ఏ డీలరూ రసీదులో రాయలేడు.