సంకల్పం లేని దానానికి ఋణం ఉంటుందా?

ఇవ్వాలన్న సంకల్పమే లేని దాని నుంచి పొందిన మేలుకు మనిషి ఋణపడతాడా అన్న తాత్విక ప్రశ్నకు పచ్చని ఆకును మించిన పరీక్ష లేదు. భగవద్గీత మూడవ అధ్యాయం ప్రాణులను అన్నంతో, అన్నాన్ని వానతో, వానను యజ్ఞంతో ముడిపెట్టి, దేవతలు ఇచ్చినదాన్ని వారికి తిరిగి సమర్పించకుండా అనుభవించేవాడిని దొంగగా ఎంచుతుంది. అక్కడ దాతలు తెలిసి ఇచ్చేవారు. ఆకుకు అటువంటి ఎరుక ఉందనడానికి ఆధారం లేదు.

ఆకు చేసే పని కిరణజన్య సంయోగక్రియ. కణాలలోని హరితరేణువులలో, థైలకాయిడ్లు అనే పలుచని పొరలను అంటిపెట్టుకుని ఉండే పత్రహరితం ముఖ్యంగా ఎరుపు, నీలి కాంతిని గ్రహించగానే దాని ఎలక్ట్రాన్లు ఉత్తేజితమై ఒక అణువు నుంచి మరొక అణువుకు సాగిపోతాయి. ఆ లోటును పూడ్చడానికి నీటి అణువులు చీలి ఎలక్ట్రాన్లను అందించగా ఆక్సిజన్ వెలువడుతుంది. ఎలక్ట్రాన్లు సాగే క్రమంలో పొరకు ఒక పక్క ప్రోటాన్లు పేరుకుని, అవి తిరిగి అవతలికి ప్రవహించే బలంతో ఏటీపీ అనే శక్తివాహక అణువు తయారవుతుంది. ఎలక్ట్రాన్లు చివరకు ఎన్‌ఏడీపీహెచ్ అనే మరొక వాహకంలో చేరతాయి. రూబిస్కో అనే ఎంజైము పట్టి ఇచ్చిన కార్బన్ డయాక్సైడు, కాల్విన్ వలయమనే చర్యల వరుసలో, ఈ రెండు వాహకాల శక్తితో చక్కెరగా మారుతుంది. ఒక్క గ్లూకోజు అణువుకు సరిపడా కార్బన్‌ను కూర్చడానికి 18 ఏటీపీ, 12 ఎన్‌ఏడీపీహెచ్ అణువులు ఖర్చవుతాయి.

ఈ క్రమంలో దానమన్నది ఎక్కడా కనిపించదు. చక్కెర మొక్క ఎదుగుదలకు, గింజలోని పిండి రాబోయే మొలకకు ఉద్దేశించినవి. మనిషి పీల్చే ఆక్సిజన్ నీరు చీలగా మిగిలినదేనని 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్‌ల బృందం బరువైన ఆక్సిజన్ ఐసోటోపు సాయంతో చూపింది. కనుక కృతజ్ఞతకు చోటే లేదని వాదించవచ్చు. ఆ వాదం ఋణాన్ని ఇచ్చేవాడి మనసులో వెతుకుతుంది. వైదిక సంప్రదాయం చెప్పే ఋషి, దేవ, పితృ ఋణాలు ఒప్పందంతో గాక పుట్టుకతోనే సంక్రమిస్తాయి. పొందినవాడు తనంతట తాను నిలవలేకపోవడమే వాటికి మూలం. పైగా దానమైతే దాత సమ్మతి ఉంటుంది. మొలకకై దాచిన గింజను మనిషి అటువంటి సమ్మతి లేకుండానే తీసుకుంటున్నాడు గనుక, సంకల్పం లేకపోవడం అతని ఋణాన్ని తగ్గించదు, పెంచుతుంది.

ఆకుకు స్తోత్రం అక్కర లేదు కాబట్టి ఈ ఋణం నడవడితోనే తీరాలి. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని నిందించరాదని, పారవేయరాదని, సమృద్ధిగా పెంచాలని వ్రతాలుగా విధించింది. ఎండ అన్నమయ్యే తీరు తెలిసిన కాలానికి ఆ వ్రతాలు మరింత కచ్చితంగా వర్తిస్తాయి.