నాలుగో పాలు



సిరిసిల్ల సాంచాల నడుమ పన్నెండు గంటలు నిలబడే అన్నలారా, తమ్ములారా! యాభై దాటితే కాళ్లు మొరాయిస్తయని మీకెరుకే. దాన్ని తలరాత అనకండి. దుఃఖానికి కారణముంది, మార్గమూ ఉంది.

సంపాదనను నాలుగు పాళ్లు చేయమని సిగాలుడికి చెప్పాడు బుద్ధుడు: ఒకటి బతుకుకు, రెండు పనికి, నాలుగోది ఆపదకు. కూలి బతుకుల నాలుగో పాలు యాడ మిగులుతదంటారా? అందుకే యజమానికీ ధర్మం చెప్పాడు: శక్తికి తగ్గ పని, తగిన కూలి, జబ్బులో సేవ, విశ్రాంతి. 1946లో బాబాసాహెబ్ వారానికి 48 గంటల పని బిల్లు తెచ్చిందీ ఈ ధర్మంతోనే.

నేతన్న పొదుపులో మరమగ్గ కార్మికుడు కూలిలో 8 శాతం వేస్తే, సర్కారు 8 శాతం కలపాలె. ముప్పై ఏండ్లకే చేరండి. పైసలు ఆగితే సంఘంగా అడగండి. ఒంట్లో సత్తువ ఉండగానే సాంచాను వదిలే దారి వేసుకోండి.

జై భీమ్!