కాసిన కాపు

మా తాత మొక్కజొన్న చేనికి రాత్రిళ్లు కావలి పోయేవాడు. మంచె మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, పందుల అలికిడి వినబడితే డబ్బా వాయించేవాడు. కంకులు ఇంటికొచ్చిన రోజు అందరం గంపలు లెక్కపెట్టేవాళ్లం. ఆయన మేలుకున్న రాత్రుల్ని ఎవరమూ లెక్కపెట్టలేదు. ఇటలీ ఫుట్‌బాల్ డిఫెండర్ పాలో మాల్దీనీ ఆట చూసినప్పుడల్లా నాకు ఆ మంచె గుర్తొస్తుంది.

1985 జనవరిలో, పదహారేళ్ల వయసులో అతను ఏసీ మిలాన్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. 2009లో నలభై ఏళ్లకు ఆట మానాడు. 25 సీజన్లు, 902 మ్యాచ్‌లు, ఒకటే క్లబ్బు. 1963లో తండ్రి చెజారే మాల్దీనీ కెప్టెన్‌గా అందుకున్న యూరోపియన్ కప్పును, సరిగ్గా నలభై ఏళ్లకు కొడుకూ కెప్టెన్‌గానే అందుకున్నాడు. పుట్టుకతో కుడికాలి వాటం వాడు. జట్టుకు ఎడమవైపు మనిషి కావాల్సి వస్తే ఎడమకాలిని మచ్చిక చేసుకుని ఆ వైపే పేరు తెచ్చుకున్నాడు.

బంతితో దూసుకొచ్చేవాడి మీదికి మాల్దీనీ ఉరికేవాడు కాదు. ఒళ్లు కాస్త పక్కకు తిప్పి, మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరిగేవాడు. గోలువైపు దారి మూసి, పక్క గీతవైపు దారి వదిలేవాడు. వచ్చినవాడు తన ఇష్టంతోనే అటు పోతున్నాననుకునేవాడు. తీరా గీత దగ్గరికొచ్చేసరికి కాలు పెట్టే చోటుండేది కాదు. బంతి అప్పుడు మాల్దీనీ పాదం దగ్గరుండేది. అంత ఓపిక నాకు ఏ పనిలోనూ లేదు.

2005లో అదే కప్పు కోసం ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనల్ మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది. మొదటి నిమిషంలోనే గోలు పడింది, కొట్టింది ఈ కావలివాడే. విరామానికి మిలాన్ 3-0. ఆ తర్వాత ఆరే ఆరు నిమిషాల్లో ఎదుటి జట్టు లివర్‌పూల్ మూడు గోల్స్ కొట్టి, చివరికి పెనాల్టీల్లో గెలిచింది. టీవీ ఆపేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సీజనంతా కాసిన చేను ఒక్క కునుకులో పోయింది. అయినా రెండేళ్ల తర్వాత ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్ మీద గెలిచి కప్పు ఎత్తినప్పుడు అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. పంట పోయిన మర్నాడు కూడా మంచె ఎక్కినవాడికే అది సాధ్యం.

2009 మే 24న సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్ ఆడినప్పుడు, సొంత అభిమానుల్లోనే కొందరు ఈలలు వేసి అవమానించారు. సరిగ్గా వారానికి ఫ్లోరెన్స్‌లో ఎదుటి జట్టు అభిమానులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కావలివాడి విలువ చేను గలవాడికన్నా చేలో పడాలని చూసినవాడికే బాగా తెలుస్తుందేమో.

చెట్టు కాస్తుంది, మనిషి చేను కాస్తాడు. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. ఇన్నేళ్లలో నేను సాధించిందేమిటని వెతుక్కుంటే చూపించడానికి పెద్దగా ఏమీ దొరకదు. పిల్లవాడి జ్వరం పక్కన మేలుకున్న రాత్రులున్నాయి. నోటిదాకా వచ్చి ఆపుకున్న మాటలున్నాయి. పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో మంచె దిగొచ్చే తాతను తలుచుకుంటే, అవీ కాపేనని ఇప్పుడు నమ్మకం కలుగుతోంది.