ఏది చెత్త?

మా ఇంట్లో పారేసుడు అనే విద్య లేదు. పారెయ్యాలంటే ముందు ఎక్కువై ఉండాలె. నా చిన్నప్పుడు ఇంటికొచ్చిన వస్తువుల్లో మేం కొన్నవి తక్కువ, ఇంకొకరు వద్దనుకున్నవి ఎక్కువ. అవ్వ మారేడుపల్లిలో నాలుగిండ్లల్ల పనిచేసేది. మూతలేని కుక్కరు, కోడు విరిగిన మంచం, కాలర్ చిరిగిన అంగీలు, సగం రాసిన నోటుపుస్తకాలు - అన్నీ ఆ ఇండ్లకెల్లి వచ్చినవే. ఆ పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాయితాల మీద రాసుకుంటనే పదో తరగతి పాసైన. ఇయ్యాల సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తున్న.

నాయిన రైల్వేలో సఫాయివాలా. నౌకరీలో ఉండంగనే చిట్టీ ఎత్తి, అప్పు తెచ్చి లాలాపేటలో 60 గజాల ఇల్లు కొన్నడు. ఆయన పోయినంక అవ్వకు మోకాళ్లు పనిచేస్తలేవు. ఇల్లు అమ్మి నా బడి దగ్గరికి, ఘట్‌కేసర్ పోదామనుకున్నం.

బ్రోకర్ వచ్చి రెండు గదులూ తిరిగి చూసిండు. "మేడమ్, గీ సామానంత తీసేసి సున్నం ఏపియ్యుండ్రి. ఇల్లు ఇశాలంగ కనవడుతది" అన్నడు. సబబే. తర్వాత గోడమీది అంబేద్కర్ ఫొటోను, మూలకున్న నాయిన డప్పును చూసి గొంతు తగ్గించిండు. "గవి గూడ తీసెయ్యుండ్రి. మిమ్ముల అంటలేను. వచ్చేటోళ్లు ఎసుంటోళ్లో... 2 లక్షలు ఫరక్ వడుతది."

2 లక్షలంటే మాకు అవ్వ మోకాలి ఆపరేషన్. అందుకే దీన్ని ఒట్టి పౌరుషంతో తోసేయలేకపోయిన. ఇల్లు అమ్మేముందు సామాను ఏరుకోవడం అందరూ చేసేదే. ఏరేటప్పుడు ఏది చెత్తో ఎవరు తేల్చాలె?

మనుస్మృతి 10వ అధ్యాయం దీన్ని ఎప్పుడో తేల్చేసింది. చండాలుడు ఊరిబయట ఉండాలె, చచ్చినోళ్ల బట్టలు కట్టాలె, పగిలిన పాత్రల్లో తినాలె. వాళ్లకు పనికిరానిదే మాకు ఆస్తి అని ధర్మం రాసిన్రు. మూతలేని కుక్కరును మేం దయ అనుకున్నం. దానికి అంత పాత శాసనం ఉన్నదని చదువుకున్నంకనే తెలిసింది. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ చచ్చిన పశువు మాంసం, ఎంగిలి మెతుకులు మానుకోమన్నడు. డిసెంబర్ 25న అక్కడనే మనుస్మృతిని తగలబెట్టిన్రు. ఆ సభల రోజుల్లోనే ఆడోళ్లను చీరకట్టు మార్చుకోమన్నడు, అంటరానితనపు గుర్తుగా మిగిలిన బరువు కడియాలు విడిచిపెట్టమన్నడు. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. జోగిని ఆచారాన్ని, తాగుడును, బాల్యవివాహాలను వదిలించడానికి వాడలు తిరిగిండు. పారెయ్యమని మన పెద్దలే మనకు నేర్పిన్రు.

నాతోటి టీచర్ ఒకాయన దీన్నే పట్టుకున్నడు. "గుర్తులు ఇడిచిపెట్టుమని బాబాసాహెబే చెప్పిండు గదా! నాలుగు దినాలు ఫొటో దించు, పైసలు తీస్కో, కొత్తింట్ల పెద్దగ పెట్టుకో. అవ్వ కాళ్లకన్న ఫొటో ఎక్కువనా?" అన్నడు. మావోడే. నా మంచి కోరే అన్నడు. వారం రోజులు నాకు నిద్రపట్టలే.

ఆఖరికి నాకు తోచింది ఇది. మహద్‌లో వదిలేసినవి పైవాళ్లు మన మెడకు కట్టినవి. వదిలింది మన గౌరవం కోసం. బ్రోకర్ తియ్యమంటున్నది మనం కొట్లాడి తెచ్చుకున్నది. తియ్యమనేది కొనేటోని ఏవగింపు కోసం. రెండూ పారేసుడే అయినా ఒకటి కావు. ఒక వస్తువు ఇంట్లకు ఎట్లొచ్చింది, ఎవరి కోసం బయటికి పోతున్నది - ఈ రెండూ అడగాలె.

ఈ లెక్కన మంచం, అంగీలు పోవాలె. ఫొటో ఉండాలె. మరి డప్పు? తాత దాన్ని ఊర్లె దొరల చావులకు వెట్టికి కొట్టిండు. ఆ లెక్కన అదీ పోవాలె. కానీ అదే డప్పును నాయిన ఏప్రిల్ 14 ఊరేగింపుల్లో, యూనియన్ జులూసుల్లో తన ఇష్టంతో కొట్టిండు. నేను ఎటూ తేల్చలేకపోయిన. అవ్వ తేల్చింది: "కొట్టుమన్నోళ్లు పోయిన్రు. కొట్టినోని చెయ్యి దానిమీదనే ఉన్నది. యాడ పారేస్తవ్ బిడ్డా?"

కుక్కరు సంగతీ అవ్వే చూసింది. పక్కింట్ల పనిచేసే ఆమె దాన్ని అడిగింది. ఇచ్చెయ్యమని నేనంటే అవ్వ ఒప్పుకోలే. "మూతలేంది తీసుకునుడు ఎట్లుంటదో నాకెరుక" అన్నది. మోండా మార్కెట్ల కొత్త గిన్నె కొనిచ్చి, కుక్కరును తూకానికి ఏసింది. ధర్మశాస్త్రాల మీద నేను చదివినదంత ఒక దిక్కు, ఆ గిన్నె ఒక దిక్కు. కాస్త పైకొచ్చిన మనం కూడా మన పాతవి కిందోళ్ల చేతుల్లో పెట్టి దయ అనుకుంటే, ఆ పాత శాసనం మన ఇంట్లనే బతుకుతది.

తూకానికి ఏసినంక కూడా లెక్క తెగిపోదు. 2022 మార్చి 23 తెల్లారుజామున మన బోయిగూడలోనే ఒక తుక్కు గోదాం తగలబడ్డది. పైన పండుకున్న 11 మంది బీహార్ కూలీలు పానాలిడిసిన్రు. ఊరంతా వద్దనుకున్న సీసాలు, కాయితాలు, తీగల మీదనే వాళ్ల పడక. మన ఇండ్లు ఖాళీగా, విశాలంగా కనబడితే, ఆ ఇరుకు ఇంకెవరి గదికో పోయిందన్నట్టు.

మా ఇంటికి సున్నం పడ్డది. ఫొటో దించినం, గోడ ఆరినంక అదే మేకుకు తగిలించినం. ఇద్దరొచ్చి చూసి పోయిన్రు. ఒకాయన ఫొటో చూసి రెండో గదిలకు రానే లేదు. ఆపరేషన్ కోసం జీతం మీద అప్పుకు దరఖాస్తు పెట్టిన.

సంఘాల్లో పనిచేసేటోళ్లకు, హాస్టళ్లల్ల చదివేటోళ్లకు ఒక మాట. కిరాయి ఇల్లు దొరకక ఇంటిపేరు దాచుకున్న కూలోన్ని నేను తప్పుపట్ట. వాని బిడ్డలు రాత్రికి ఎక్కడనో ఒకకాడ పండాలె. ఆ సిగ్గు అడిగేటోనిది. కానీ రిజర్వేషన్‌తోని నౌకరీ తెచ్చుకొని, ఒకటో తారీఖు జీతం తీసుకునే నా అసుంటోళ్లకు ఆ సాకు చెల్లదు. దాచకుంటే అయ్యే నష్టం మొదలు మేమే భరించాలె.