నీ ప్రక్కను ఎవరిని నిలువబెట్టుకొంటివి?



ఒక మనుష్యుని వివేచన యెట్టిదో తెలిసికొనుటకు అతని ప్రసంగము వినుట ఒక మార్గము. అతడు తన ప్రక్కను ఎవరిని నిలువబెట్టుకొనెనో చూచుట మరియొక మార్గము. ఈ రెండింటిలో రెండవదే నమ్మదగినది. ప్రసంగమును వేరొకరు వ్రాసి యియ్యవచ్చును. తోడివానిని కోరుకొనుట మాత్రము కోరుకొన్నవాని హృదయములోని త్రాసును బయటపెట్టును.

ఈ సంగతిని ఆలోచించుటకు అమెరికా దేశపు ఆచారమొకటి మనకు మంచి పాఠము. అక్కడ అధ్యక్ష పదవికి నిలుచువాడు ఉపాధ్యక్ష పదవికి ఒకరిని కోరుకొనును. ఇద్దరును కూడి ప్రజలయెదుటికి వచ్చెదరు. ప్రజలు ఇద్దరికిని కలిపి ఒకే ఓటు వేయుదురు. 2024లో డొనాల్డ్ ట్రంపు జె. డి. వాన్సును ఈలాగు కోరుకొనినప్పుడు, వాన్సు భార్యయైన ఉషగారి తలిదండ్రులు ఆంధ్రదేశమునుండి వెళ్లినవారని మన పల్లెలలో సహితము చెప్పుకొనిరి. మన తెలుగు బిడ్డ యని సంతోషించుట సహజమే. అయితే అట్టి యెన్నిక వెనుకనున్న ప్రశ్న ఆ సంతోషముకంటె పెద్దది.

రాజ్యాంగము ఉపాధ్యక్షునికి అప్పగించిన పని స్వల్పము. సెనేటు సభకు అధ్యక్షత వహించుట, అక్కడ ఓట్లు సరిసమానమైనప్పుడు తన ఓటు వేయుట, అంతే. అయితే అధ్యక్షుడు మరణించినయెడల ఆ గడియలోనే దేశభారమంతయు అతని భుజములమీద పడును. 1841 మొదలుకొని 1974 వరకు తొమ్మిదిమంది ఉపాధ్యక్షులు ఈ రీతిగా అధ్యక్షులైరి. ఎనిమిదిసార్లు మరణమువలన, ఒకసారి రాజీనామావలన. కాబట్టి తోడివానిని కోరుకొనువాడు, "నేను లేనినాడు ఈ ప్రజల గతి యేమి?" అను ప్రశ్నకు జవాబు చెప్పుచున్నాడు. కాని యెన్నికల వేడిలో ఆ ప్రశ్న మరుగైపోయి, "ఎవనిని నిలిపినయెడల నాకు ఓట్లు ఎక్కువ పడును?" అను ప్రశ్నయే ముందుకు వచ్చును.

1864లో అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండెను. అబ్రహాము లింకను రెండవసారి నిలిచినప్పుడు, అంతవరకు ఉపాధ్యక్షుడైయున్న హామ్లినును విడిచి, టెన్నెసీ రాష్ట్రపు ఆండ్రూ జాన్సనును అతని ప్రక్కను నిలిపిరి. జాన్సను దక్షిణాదివాడు, ఎదుటి పార్టీవాడు, అయినను దేశము చీలిపోకూడదని నిలిచినవాడు. అట్టివాడు తోడుంటే గెలుపు సులభమని తలంచిరి, గెలిచిరి. 1865 ఏప్రిలు 14 రాత్రి లింకను కాల్చబడి మరునాడు మరణించెను. జాన్సను అధ్యక్షుడాయెను. బానిసత్వమునుండి అప్పుడే విడుదల పొందిన నల్లజాతివారికి పౌరహక్కులు కలుగజేయు చట్టమును 1866లో అతడు నిరాకరించెను. కాంగ్రెసువారు అతని మాటను త్రోసివేసి దానిని నిలువబెట్టవలసివచ్చెను. ఓట్ల లెక్క సరిపోయెను. అయితే ఆ లెక్కలో చేరని పేదలే దాని వెల చెల్లించిరి.

1972లో జార్జి మెక్‌గవర్న్ తన పార్టీ మహాసభ కడవరి దినమున, కొన్ని గంటల తొందరలో, సెనేటరు థామస్ ఈగిల్టనును కోరుకొనెను. దాచిన సంగతులేవైన ఉన్నవా యని అడిగినప్పుడు అతడు లేవనెను. ఈగిల్టన్ మనోవ్యాకుల రోగమువలన మూడుసార్లు ఆసుపత్రిలో చేరినవాడని తరువాత బయలుపడెను. మెక్‌గవర్న్ మొదట అతనిని బొత్తిగా విడువనని గట్టిగా పలికి, కొన్ని దినములకే విడిచిపెట్టెను. పదునెనిమిది దినములలో అంతయు ముగిసెను. ఇక్కడ మనము జాగ్రత్తగా తీర్పు తీర్చవలెను. రోగము పాపము కాదు. ఈగిల్టన్ అటుపిమ్మట అనేక సంవత్సరములు సెనేటులో పని చేసెను. ఒకడు చెప్పవలసినదానిని దాచెను. ఒకడు విచారింపవలసినదానిని విచారింపక, ఇచ్చిన మాటను నిలుపుకొనలేకపోయెను. తొందర ఇద్దరికిని ఉరియాయెను.

చదువరీ, నీవు ఇట్లు అడుగవచ్చును: "కోరుకొనబడినవాడు మంచివాడైతే కోరుకొన్నవాడు వివేకి, చెడిపోతే అవివేకి, అంతే గదా?" అంత సులభము కాదు. ఫ్రాంక్లిన్ రూజువెల్టు 1944లో రోగియైయుండియు నాలుగవసారి నిలిచెను. పార్టీ పెద్దల సమాధానము కొరకు హారీ ట్రూమను తోడివాడాయెను. 1945 జనవరిలో ట్రూమను ప్రమాణము చేసెను. 82 దినములకే, ఏప్రిలు 12న, రూజువెల్టు మరణించెను. రెండవ ప్రపంచయుద్ధము ఇంకను ముగియలేదు. అణుబాంబు తయారగుచున్న సంగతి ట్రూమనుకు పూర్తిగా తెలియజెప్పినది తాను అధ్యక్షుడైన పదుమూడవ దినమున, అనగా ఏప్రిలు 25న! ట్రూమను ఆ భారమును మోసెను. అయితే అది ట్రూమను కష్టముగాని, రూజువెల్టు జాగ్రత్త కాదు. తన ఆరోగ్యము క్షీణించుచుండగా, రేపు తన స్థానమున నిలువవలసినవానిని అతడు చీకటిలో ఉంచెను.

మోషేను చూడుడి. తాను వాగ్దానదేశములో ప్రవేశింపనని తెలిసినప్పుడు అతడు తనకొరకు విలపించుచు కూర్చుండలేదు. ప్రజలు కాపరిలేని గొఱ్ఱెలవలె కాకూడదని దేవుని వేడుకొనెను. సమాజమంతటి యెదుట యెహోషువమీద చేతులుంచి, తన ఘనతలో కొంత అతనికిచ్చెను. తోడివానిని పిలుచుట సగము పనియే. పిలిచినవానితో భారమును, వెలుగును పంచుకొనుట మిగిలిన సగము.

ఈ మిగిలిన సగమును ఎరిగినవాడు జిమ్మీ కార్టరు. ఇతడు జార్జియా రాష్ట్రములోని ప్లెయిన్సు అను చిన్న ఊరివాడు, 2024 డిసెంబరులో మరణించెను. అనేక సంవత్సరములు తన సంఘములో ఆదివారపు బడి చెప్పినవాడు. 1976లో అతడు తొందరపడక, కొందరిని తన యూరికి పిలిపించుకొని, వారితో ఎదురెదురుగా కూర్చుండి మాటలాడెను. తుదకు మెథడిస్టు బోధకుని కుమారుడైన వాల్టరు మాండేలును కోరుకొనెను. గెలిచిన తరువాత అతనికి తన కార్యాలయమున్న భవనములోనే గది యిచ్చి, రహస్యపత్రములను చూడనిచ్చి, వారమునకొకసారి అతనితో కలిసి భోజనము చేసెను. 1980లో ఇద్దరును ఓడిపోయిరి. ఓటమి ఆ యెన్నికలోని వివేకమును చెరిపివేయలేదు. గెలుపు జాన్సను యెన్నికలోని కొరతను కప్పివేయలేదు.

మరి ప్రభువు యూదాను కోరుకొనలేదా యని మీలో ఒకరు అడుగవచ్చును. కోరుకొనెను. అంతకుముందు రాత్రియంతయు కొండమీద ప్రార్థనలో గడిపెను. తరువాత మిగిలిన పదకొండుమందితోపాటు అతనికిని బోధించెను, అతని పాదములను కడిగెను, అతనిని హెచ్చరించెను. పడిపోవుట యూదా చేసికొన్నది. కాబట్టి పిలువబడినవాడు పడెనని పిలిచినవానిమీద నేరము మోపరాదు. ఎట్టి మనస్సుతో పిలిచెను? విచారించెనా? పిలిచిన తరువాత అతనియెడల ఎట్లు నడిచెను? ఈ మూటినిబట్టియే తీర్పు తీర్చవలెను.

సహోదరులారా, సహోదరీలారా, మనమెవరమును అమెరికా అధ్యక్షులము కాము. అయినను ప్రతి సంఘములో పెద్దలను, కోశాధికారిని ఏర్పరచుకొనుచున్నాము. అప్పుడు మన ప్రశ్న యేది? "మన పేటవాడేనా? మన యింటిపేరువాడేనా? నన్ను లెక్కలు అడుగకుండునా?" అనునదియైతే, మనము ప్రభువు పని కొరకు కాదు, మన బలము కొరకే మనుష్యుని కోరుచున్నాము. ఆ లెక్కలో చేరనివారు మన మధ్యను కూడ ఉన్నారు. వండుకొను బియ్యములోనుండి పిడికెడు తీసి ప్రభువుకొరకు దాచిన విధవరాలు, కూలి డబ్బులో దశమభాగమిచ్చిన వృద్ధుడు, కాపరి రాని పల్లెలో బోధ కొరకు ఎదురుచూచు పిల్లలు. మన తప్పు ఎన్నికకు వెల చెల్లించువారు వీరే.

కాబట్టి రాబోవు ఎన్నికలో చేతులెత్తకముందు మోకాళ్లూనుడి. అడుగవలసినదానిని ఆ మనుష్యుని ముఖాముఖిగా, ప్రేమతో అడుగుడి. రోగియని, పేదయని త్రోసివేయకుడి. బంధువని, భాగ్యవంతుడని పైకెత్తకుడి. ఏర్పరచుకొనినవానికి తాళపుచెవితోపాటు లెక్కల పుస్తకమును చూపుడి. మనము లేనినాడును ప్రభువు మంద మేతలేక యుండకూడదు గదా!

ప్రభువు మనకు సరియైన చూపు ననుగ్రహించును గాక. ఆమేన్.