సబ్బు కట్టిన కొవ్వు

మా అనంతపురంలో లోతు బోరు నీళ్లతో స్నానం చేసినవారికి సబ్బు కష్టాలు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎంత రుద్దినా నురగ రాదు గానీ, బకెట్టు అంచున తెల్లటి తెట్టు మాత్రం కడుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టసీమ మరి! పాతాళంనుంచి తోడిన నీళ్లలో కాల్షియం ఉంటుంది. అది సబ్బులోని కొవ్వు ఆమ్లాల్ని పట్టుకుని, నీళ్లలో కరగని ముద్ద చేస్తుంది. సరిగ్గా అలాంటి సబ్బే మనిషి కడుపులోనూ తయారవుతుందంటే నమ్ముతారా?

మనం తిన్న శనగనూనె అరగడానికి క్లోమగ్రంథి లైపేజ్ అనే ఎంజైముని పేగులోకి పంపుతుంది. గ్రంథి దెబ్బతింటే అది బయటికి చిమ్మి, పక్కనున్న సొంత కొవ్వునే అరిగించడం మొదలుపెడుతుంది. పాపం, దాని తప్పేముంది? కొవ్వు కనిపిస్తే విరగ్గొట్టమన్నారు, విరగ్గొట్టింది. విరిగిన కొవ్వులో కాల్షియం కలిసి, సుద్దముక్కల్లా మచ్చలు కడుతుంది. బాల్సర్ అనే జర్మన్ డాక్టరు 1882లోనే వీటిని వర్ణించాడు. క్లోమం తన్ను తానే అరిగించుకుంటుందని 1896లో ప్రాగ్ నగరంలో కియారీ అన్నాడు.

ఈ ముక్కని మైక్రోస్కోపు కింద చూస్తే ఓ తమాషా. స్లైడు తయారీలో వాడే ఆల్కహాలూ, జైలీనూ మామూలు కొవ్వుని కడిగేస్తాయి. అందుచేత ఆరోగ్యమైన కొవ్వుకణం ఖాళీ గాజులా, ఓ మూలకి ఒదిగిన న్యూక్లియస్‌తో కనిపిస్తుంది. చచ్చిన కణానికి న్యూక్లియస్ ఉండదు. అంచు నీడలా మిగులుతుంది. లోపల మాత్రం గులాబీ, నీలం కలిసిన పొడి నిండి ఉంటుంది. బతికింది ఖాళీ, చచ్చింది నిండు! వేదాంతులకి అప్పగిస్తున్నాను.

శవంలో క్లోమం ఎలాగూ త్వరగా కరుగుతుంది, మా ఎండలకి మరీను. మరి రోగమని ఎలా చెప్పడం? చచ్చిన కొవ్వు చుట్టూ తెల్లకణాలు మూగి ఉన్నాయంటే, మనిషి బతికుండగానే ఇదంతా జరిగిందన్నమాట.

ఇంతవరకూ స్లైడు చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పదు. ఈ జబ్బుకి పెద్ద కారణాలు రెండు: పిత్తాశయంలో రాళ్లు, తాగుడు. గాజుపలక మీద రెండూ ఒకటే. కానీ క్లోమం పేరెత్తగానే ఊరు తీర్పు చెప్పేస్తుంది. రిపోర్టు కోసం వచ్చిన ఓ కుర్రాడు గొంతు తగ్గించి, "మా నాయన తాగేవాడని దాంట్లో రాసింటారా సార్?" అన్నాడు. పెళ్లి కావలసిన చెల్లెలుందట.

కనిపించనిది రాయకపోవడం సులువైన ధర్మమే. అయితే అందరం ఇలా మర్యాదగా వదిలేస్తే సారా మింగినవాళ్ల లెక్క ఎక్కడ తేలుతుంది? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు ఏ స్లైడూ చూడలేదు. 1993లో ప్రభుత్వం సారాని నిషేధించింది. వాళ్లు బయటపెట్టింది తమ ఇంటి గుట్టునే. ఈ కుర్రాడి ఇంటి గుట్టు బయటపెట్టే హక్కు నాకెక్కడిది?

రిపోర్టులో "కొవ్వు కణజాల మరణం, చుట్టూ వాపు" అని రాసి, కారణం స్లైడులో తెలియదన్నాను. కుర్రాణ్ణి కూర్చోబెట్టి, "నువ్వు తాగుతావా?" అని మాత్రం అడిగాను. అతను జవాబు చెప్పకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.